గనుల సీమలో నడుమునొప్పి: వెన్నుసూది చేయగలది, చేయజాలనిది

భూగర్భమున మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, నిలువెల్ల చెమటతో తడిసి, రాతితో పెనగులాడి, మఱల పైకి వచ్చి అన్నము తినిన మనుష్యులు మన దేశమున ఒక్క కోలారు బంగారు గనులయందే ఉండిరి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్లేయ సంస్థ చేపట్టినది మొదలు, 1956లో మైసూరు ప్రభుత్వపరమై, ఆ పిమ్మట కేంద్రప్రభుత్వ హస్తగతమై, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మూతపడువఱకును ఈ గనులు సుమారు 800 టన్నుల బంగారమును వెలికినిచ్చినవి. 1902లోనే కావేరీనదిపై శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చి వీనిని వెలిగించినది. 1965లో ఇచ్చటి లోతులలోనే శాస్త్రజ్ఞులు వాయుమండలమున జనించిన న్యూట్రినో కణముల జాడను పట్టిరి. ఇవి గ్రంథములకెక్కిన సంగతులు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఆ లోతునకు దిగి వచ్చిన నడుములను గూర్చి, ఆ నడుములలో పుట్టి కాలి కొసదాక ప్రాకు నొప్పిని గూర్చి, ఆ నొప్పి శమించుటకై నేటి వైద్యులు వెన్నులోనికి ఎక్కించు స్టిరాయిడ్ మందును గూర్చి.

ఉత్తరార్కాటు సీమ నుండి తమిళులును, చిత్తూరు జిల్లా పల్లెల నుండి తెలుగువారును ఈ గనులకు కూలికి వచ్చి, మారికుప్పము, ఊరిగాము, ఛాంపియన్ రీఫ్, ఆండర్సన్‌పేట ప్రాంతములలో కాపురములు పెట్టిరి. భారత్ గోల్డ్ మైన్స్ వారు కుప్పమునకు సమీపమున, చిత్తూరు జిల్లాలోనే, చిగురుగుంట, బిసానత్తం గనులను గూడ నడపిరి. సన్నని బంగారుపొర ఎటు పోయిన అటు రాతిని తొలుచుకొనుచు పోవలసిన పని యగుటచే, నిలుచుటకు చాలని చోట్ల వంగియు, మోకాళ్లపై నిలిచియు, బరువైన డ్రిల్లింగు మిషనును దేహమునకు ఆనించుకొని, దాని అదురునంతయు ఎముకలతో భరింపవలసియుండెను. మిక్కిలి లోతున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటెడిది. గనులు మూతపడునాటికి ముప్పది యేండ్ల ప్రాయమున ఉన్నవాడు నేడు యాభై దాటినవాడు. వాని నడుము చేసిన పనికి లెక్క ఏ పుస్తకమునను కానరాదు. వారి బిడ్డలలో పలువురు తెల్లవాఱకముందే మారికుప్పము రైలెక్కి బెంగుళూరునకు పోయి, పనిచేసి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుదురు. జిల్లాలో మఱికొందఱు కోలారు మార్కెట్టు యార్డులో 15 కిలోల టమాటా పెట్టెలను ప్రొద్దుటినుండి లారీలకెత్తుదురు. పని మాఱినది గాని, వంగి ఎత్తుట మాఱలేదు.

కాయకష్టమునకును వెన్ను అరుగుదలకును గల సంబంధమును శాస్త్రీయముగ పరిశీలించిన తొలి వైద్యులలో కెల్‌గ్రెన్, లారెన్స్ అనువారు ప్రముఖులు. వీరు ఇంగ్లండులో బొగ్గుగనుల కార్మికులకు ఎక్స్‌రేలు తీసి, కార్యాలయములలో కూర్చుండి పనిచేయువారికంటె గనికార్మికులలో వెన్నుపూసల మధ్యనున్న డిస్కుల క్షీణత అధికముగ నుండుటను 1952లో ప్రకటించిరి. ఆ పిమ్మట ఫిన్లండు దేశపు కవలలపై సాగిన పరిశోధనలు, ఈ క్షీణతలో వంశపారంపర్యమునకు గల పాలు మనము తలచినదానికంటె చాల ఎక్కువ యని తేల్చినవి. కావున ఎవని నడుమైన పనివలననే చెడినదని ఖండితముగ చెప్పుటకు వీలులేదు. అయినను, అరిగిన డిస్కు గలవాడు గద్దెమీద కూర్చుండువాడైనచో అది వానికి తెలియకపోవచ్చును. పెట్టెలెత్తువాడైనచో ఆ నొప్పితోపాటు ఆనాటి కూలియు పోవును. వ్యాధి ఒక్కటియే అయినను బాధ ఒక్కటి కాదు.

ఇక వెన్ను నిర్మాణమును కొంత తెలిసికొందము. మెడయందు ఏడు, వీపునందు పండ్రెండు, నడుమునందు ఐదు వెన్నుపూసలు ఒకదానిపై నొకటి నిలిచియుండగా, వాని క్రింద త్రికాస్థియు, దానికొసన తోకయెముకయు ఉండును. మెడలోని మొదటి రెండు పూసలను మినహాయించి, కదలుచుండు ప్రతి రెండు పూసల నడుమను ఒక డిస్కు కలదు. దాని వెలుపలిభాగము గట్టి నారపొరల వలయము. లోపలిది నీరు నిండిన మెత్తని గుజ్జు. పెద్దవారి డిస్కులోనికి రక్తనాళములు ఇంచుమించు పోవు. అందుచేతనే అది ఒకసారి చిట్లినచో మానుటకు దీర్ఘకాలము పట్టును. పూసల వెనుకభాగములు కలిసి ఏర్పఱచు కాలువలో వెన్నుపాము ఉండును గాని, అది నడుము మొదటి రెండు పూసలవద్దనే ముగిసిపోవును. ఆ క్రిందిభాగమున నరముల గుంపు మాత్రమే దిగుచు, ఒక్కొక్క నరము ఒక్కొక్క రంధ్రము గుండ వెలుపలికి వచ్చి కాలివైపు సాగును. ఈ నరములను చుట్టి ద్రవముతో నిండిన సంచి యొకటి కలదు. ఆ సంచికి వెలుపల, ఎముకకు లోపల, కొన్ని మిల్లీమీటర్ల మందమున, కొవ్వును సన్నని సిరలును మాత్రమే గల యొక ఖాళీ ఉన్నది. దానినే ఎపిడ్యూరల్ ప్రదేశము అందురు. మనము చెప్పుకొనబోవు మందు చేరవలసిన తావు అదియే.

నడుమునొప్పి యని మన మొక్కమాటతో చెప్పుకొనునది నిజమునకు రెండు వేఱువేఱు బాధలు. మొదటిది, “నడుము పట్టేసింది” అని జనులు చెప్పునది. కండరములు, కీళ్లు, స్నాయువులు, డిస్కు వీనిలో దేనినుండియైనను పుట్టి నడుములోనే నిలుచునది. రెండవది, “కాలు లాగుతోంది”, “జివ్వుమని పాదందాకా పోతోంది” అని చెప్పునది. నడుమున పుట్టి పిఱుదు మీదుగ తొడ, పిక్క, మడమలకు దిగి, తుమ్మినను దగ్గినను హెచ్చి, తిమ్మిరినో మంటనో వెంట తెచ్చునది. ఆయుర్వేదమున గృధ్రసి యనియు, నేటి వైద్యమున సయాటికా యనియు పిలువబడునది ఈ రెండవదియే. ఐదవ నడుమునరము పీడింపబడినచో నొప్పి పిక్కకు వెలుపలివైపుగ సాగి పాదముపై భాగమునకును బొటనవ్రేలికిని చేరును. దాని క్రింది నరమైనచో పిక్క వెనుకనుండి అరికాలికిని చిటికెన వ్రేలికిని పోవును. అనుభవజ్ఞుడగు వైద్యుడు రోగి వ్రేలితో చూపిన దారినిబట్టియే ఏ నరము బాధపడుచున్నదో ఊహింపగలడు. ఈ భేదము నిట్లు నొక్కి చెప్పుటకు కారణమున్నది. వెన్నుసూది రెండవ బాధకు ఏర్పడినది. దానిని మొదటిదానికి వాడుటచేతనే అనేకుల ధనమును, కాలమును, ఆశయు వ్యర్థమగుచున్నవి.

డిస్కు గుజ్జు వెలికివచ్చి నరమును నొక్కుట సయాటికాకు హేతువని బోస్టను నగరమున మిక్స్‌టర్, బార్ అను వైద్యులు 1934లో ప్రకటించిరి. “డిస్కు జారింది, నరం నొక్కుకుపోయింది” అని నేడు మన పల్లెలలోను వినవచ్చు మాటకు మూలము ఆ పరిశోధనయే. ఒత్తిడియే సర్వమైనచో మందుతో పనియేమి? నొక్కుచున్నదానిని కోసి తీయుటయే మార్గము గదా! కాని ఆ సిద్ధాంతమునకు లొంగని రెండు సంగతులు తరువాత బయల్పడినవి. 1993లో స్వీడను దేశమున ఓల్మార్కర్, అతని సహచరులు పందుల డిస్కుగుజ్జును తీసి, వాని నరములమీద ఏ ఒత్తిడియు లేకుండ ఉంచి చూడగా, నొక్కబడకున్నను ఆ నరములు వాచి, వానియందు సంకేతముల వేగము తగ్గినది. అనగా గుజ్జులోని రసాయనములే నరమును రగుల్కొల్పుచున్నవి. 1994లో అమెరికాలో ఎన్నడును నడుమునొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, వారిలో నూటికి 52 మందికి ఏదో యొక డిస్కు ఉబ్బియుండెను. 27 మందికి మఱింత ముందునకు పొడుచుకొని వచ్చియుండెను. వారికేమియు బాధ లేదు. కావున స్కానింగు కాగితముమీద “డిస్క్ బల్జ్” అను మాట చూచినంతనే గుండె జాఱవిడుచుకొనుట తగదు. ఒత్తిడియు మంటయు కలిసినప్పుడే నరము ఏడ్చును. ఆ మంటను చల్లార్చుటయే స్టిరాయిడ్ చేయదగిన పని.

ఈ సూది చరిత్ర మన తెలుగుపాఠకులకు అంతగా పరిచితము కాదు గాని మిక్కిలి ఆసక్తికరమైనది. 1885లో న్యూయార్కు నగరమున జేమ్స్ లెనార్డ్ కార్నింగ్ అనువాడు పూసల నడుమ కొకెయిన్ ద్రావణము నెక్కించి కాళ్లు మొద్దుబాఱుటను గమనించెను. తాను మందు నెచ్చట వదలెనో ఆతనికే సరిగా తెలియదు. 1901లో పారిస్ నగరమున సికార్, కాథలెన్ అను ఇరువురు, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, కొన్నాళ్ల తేడాలో, త్రికాస్థి అడుగుననున్న సహజరంధ్రము గుండ ఎపిడ్యూరల్ ప్రదేశమును చేరిరి. సికార్ దానిని సయాటికా రోగులకే ప్రయోగించెను. ఇరవై యేండ్లకు స్పెయిను సైనికవైద్యుడు ఫిడెల్ పాజెస్ నడుముపూసల నడుమనుండి నేరుగ అచ్చటికి చేరు విధానమును 1921లో ప్రచురించి, రెండేండ్లకే కారుప్రమాదమున మరణించెను. ఆతని వ్రాత స్పానిషుభాషలో ఉండిపోవుటచే లోకమునకు చేరలేదు. 1931 ప్రాంతమున ఇటలీకి చెందిన డొగ్లియోట్టి అదే విద్యను స్వతంత్రముగ సాధించి, సూదికొన ఆ ఖాళీలో ప్రవేశించిన క్షణమును చేతితోనే గుర్తించు ఉపాయమును స్థిరపఱచెను. పాజెస్ పేరు నేటికిని చాలమంది వైద్యవిద్యార్థులు ఎఱుగరు. అది నాకు అన్యాయముగనే తోచును.

సూది సిద్ధమైనను అందులో పోయవలసిన మందు ఇంకను పుట్టలేదు. మూత్రపిండములపైనుండు అడ్రినల్ గ్రంథులు స్రవించు పదార్థములలో నొకదానిని, కార్టిజోన్ అనుదానిని, 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్కున ఫిలిప్ హెంచ్ కీళ్లవాతముతో మంచమంటిన యొక స్త్రీకి ఇవ్వగా, కొద్దిదినములలోనే ఆమె లేచి నడచినది. రెండేండ్లకే హెంచ్‌కును, కెండాల్, రైక్‌స్టైన్ అను రసాయనజ్ఞులకును నోబెల్ బహుమానము వచ్చినది. 1952లో ఇటలీయందు రొబెక్కి, కాప్రా అనువారును, మఱుసటి యేట ఫ్రాన్సునందు లియేవ్ర్ అనువాడును హైడ్రోకార్టిజోనును సయాటికా రోగుల నరమూలములవద్ద ప్రయోగించిరి. నేడు ఈ పనికి మిక్కిలిగ వాడబడు మందులలో నొకటియగు ట్రయమ్సినొలోన్, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపత్యము వహించిన లెడర్లీ ప్రయోగశాలలోనే, వారు 1948లో గతించిన పిమ్మట, 1950 తరువాతి దశకమున రూపొందినది. ఆ ఆవిష్కరణ వారిది కాదు. వారు పెంచిన శాలది.

ఇప్పుడు శస్త్రచికిత్సాగారమున జరుగు పనిని దగ్గఱనుండి చూతము. రోగి బల్లమీద బోర్ల పండుకొనును. పొట్టక్రింద నొక దిండు పెట్టుదురు, నడుము వంపు తగ్గి పూసల సందులు తెఱచుకొనుటకై. చర్మమును క్రిమిసంహారక ద్రావణముతో మూడుమార్లు తుడిచి, చుట్టును శుభ్రమైన గుడ్డలు కప్పుదురు. సి-ఆర్మ్ అను వంపుతిరిగిన ఎక్స్‌రే యంత్రము రోగిని ఆవరించి నిలిచి, ప్రక్కనున్న తెరపై పూసల నీడలను చూపుచుండును. మొదట సన్నని సూదితో చర్మమునకు లిడొకేయిన్ మత్తు; చురుక్కుమని మండి నిమిషములో మొద్దుబాఱును. తరువాత వంగిన మొనగల టూహి సూది, కొలది కొలదిగా, చర్మము, కొవ్వు, స్నాయువులను దాటుచు పోవును. పూసల వెనుకనుండు పసుపుపచ్చని గట్టి స్నాయువును చేరినప్పుడు, సూదికి తగిలించిన సిరంజి పిస్టనును వైద్యుడు బొటనవ్రేలితో నొక్కినను అది కదలదు. తిరిగి పైకి త్రోయును. ఇంకొక మిల్లీమీటరు ముందునకు సాగినంతనే ఆ నిరోధము ఒక్కమాఱుగ మాయమై పిస్టను తనంతట తానే లోనికి జాఱును. అదియే ఎపిడ్యూరల్ ప్రదేశము; డొగ్లియోట్టి నేర్పిన గుర్తు అదియే. కాని చేతి గుర్తును మాత్రమే నమ్ముట చాలదు. ఎక్స్‌రేలో కనబడు రంగుమందు నొక చుక్క వదలి, అది నరము వెంబడి వ్యాపించుచున్నదా, లేక రక్తనాళములో కొట్టుకొనిపోవుచున్నదా అని తెరపై చూచిన పిదపనే స్టిరాయిడును మత్తుమందుతో కలిపి మెల్లగ ఎక్కింపవలెను. ఆ క్షణమున రోగికి తన పాతనొప్పి యొకసారి కాలివెంట పోయినట్లు తోచుటయు కలదు. పనియంతయు అరగంటకు మించదు. ఒకటి రెండు గంటలు పరిశీలనలో నుంచి ఇంటికి పంపుదురు.

మందు చేరు మార్గములు మూడు. పూసల నడుమనుండి పోవునది మధ్యమార్గము. త్రికాస్థి రంధ్రము గుండ పోవునది పారిస్ వైద్యులు చూపిన క్రిందిమార్గము. నరము వెలుపలికి వచ్చు రంధ్రమువద్దకే ప్రక్కనుండి పోవునది మూడవది. మూడవదానిలో మందు బాధిత నరమునకు మిక్కిలి చేరువగ పడును గాని, ఆ రంధ్రమున నరముతోపాటు సూక్ష్మమైన ధమనులును ఉండును. ట్రయమ్సినొలోన్ వంటి రవ్వలుగల మందు పొరబాటున ధమనిలో పడినచో ఆ రవ్వలు రక్తప్రసారము నడ్డగించి వెన్నుపామునకే ముప్పు తేగలవు. అందుచేత అచ్చట రవ్వలు లేక కరగియుండు డెక్సామెథసోన్ వాడుట క్షేమకరమని నిపుణుల మతము.

ఇంతకును దీని ఫలమెట్టిది? ప్రచారపత్రములు చెప్పునంతయు కాదు, విరోధులు చెప్పునట్లు శూన్యమును కాదు. నడుమునుండి కాలికి దిగు నరపునొప్పిపై జరిగిన 25 పరీక్షలను, 2,470 మంది రోగుల ఫలితములను కోక్రేన్ సంస్థవారు 2020లో కూర్చి చూడగా, నూఱు మార్కుల నొప్పికొలతలో స్టిరాయిడ్ పొందినవారికి తొలి కొద్దివారములలో సగటున సుమారు ఐదుమార్కుల ఉపశమనము అధికముగ కనబడినది. ఇది స్వల్పమే. కాని సగటు అనునది మిక్కిలి లాభించినవానిని ఏమియు లాభింపనివానితో కలిపివేయును. ఒకనికి రాత్రి నిద్ర తిరిగి వచ్చియుండవచ్చును, ఇంకొకనికి సూదిపోటు తప్ప వేఱేమియు దక్కకపోవచ్చును. వయోవృద్ధులలో ఎముకపెరుగుదలచే వెన్నుకాలువ ఇఱుకై, కొంతదూరము నడచినంతనే కాళ్లు బరువెక్కి కూర్చుండవలసివచ్చు వ్యాధికి ఈ సూది పనిచేయునా యని అమెరికాలో 400 మందిపై పరీక్షించి 2014లో ఫలితమును వెల్లడించిరి. స్టిరాయిడు కలిపి ఎక్కించినవారికిని, లిడొకేయిన్ మాత్రమే ఎక్కించినవారికిని ఆఱువారముల అంత్యమున చెప్పుకోదగిన భేదము కానరాలేదు. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అంతర్జాతీయ మార్గదర్శకము, మూడునెలలకు మించి పాతుకొనిన వెన్నునొప్పికిని నరపునొప్పికిని ఈ సూదిని వాడవలదని గట్టిగ చెప్పగా, నొప్పివైద్యులు పలువురు దానిని ఆక్షేపించిరి. వాదము ముగియలేదు.

ఈ వాదములో పడి మఱచిపోరాని సత్య మొకటి కలదు: జాఱిన డిస్కులలో అధికభాగము తమంతట తామే మానును. వెలికివచ్చిన గుజ్జును శరీరరక్షకకణములు మెల్లమెల్లగ తినివేయును. హాలండు దేశమున ఆఱు మొదలు పండ్రెండువారములు తీవ్రసయాటికాతో బాధపడిన 283 మందిని రెండుజట్లుగ చేసి, ఒక జట్టుకు త్వరగ శస్త్రచికిత్స చేసి, రెండవదానిని వేచియుండుమనిరి. శస్త్రచికిత్స జరిగినవారికి ఉపశమనము త్వరితముగ కలిగినది. వేచియున్నవారిలో నూటికి 39 మంది నొప్పి తాళలేక తుదకు కోయించుకొనిరి. అయినను సంవత్సరాంతమున రెండుజట్లలోను నూటికి 95 మంది కోలుకొనిరి. దీనినిబట్టి నా నిశ్చితాభిప్రాయమిది. వెన్నుసూది డిస్కును అతుకదు, ఎముకను తొలుచదు, అరుగుదలను ఆపదు. శరీరము తనపని తాను ముగించుకొనువఱకు రోగికి కొన్నివారముల వ్యవధిని సంపాదించిపెట్టును. దినకూలికి ఆ కొన్నివారములు అల్పములు కావు. రాత్రి నిద్రలేక, నాలుగడుగులు వేయలేక, ఫిజియోథెరపి అభ్యాసములు చేయుటకును ఓపలేక యున్నవానికి, నాలుగాఱువారములు మాత్రలతోను విశ్రాంతితోను గుణము కానరానప్పుడు, కాలినొప్పి దారియు, పరీక్షయు, ఎం.ఆర్.ఐ.యు ఒకే నరమును చూపినప్పుడు, ఎక్స్‌రే సహాయముతో ఒక సూది వేయుట న్యాయమైన చికిత్స. అది పనిచేసి కొంతకాలమునకు నొప్పి తిరుగబెట్టినచో మఱొకటి ఆలోచింపవచ్చును. మొదటిది ఏమియు చేయనప్పుడు, “మూడు సూదుల కోర్సు” అని ముందే లెక్కకట్టి ధనము తీసికొనుటకు శాస్త్రాధారము లేదు. నడుములోనే నిలుచు పాతనొప్పికి ఈ సూది వేయించుకొనవలదనియే నేను చెప్పుదును.

కోలారు సీమకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని కలవు. ఇతరదేశముల పుస్తకములు వీనిని క్లుప్తముగ దాటవేయును గాని మనకవి ప్రాణప్రదములు. మొదటిది క్షయ. గనిలో రాతిధూళిని పీల్చినవారికి ఊపిరితిత్తులలో సిలికోసిస్ ఏర్పడుననియు, సిలికోసిస్ గలవారికి క్షయ సులభముగ సోకుననియు లోకవిదితము. ఈ గనికార్మికులలో సిలికోసిస్ ఎంత ప్రబలియుండెనో 1947 నాటి పరిశీలనయే చాటినది. ఆ క్షయ వెన్నుపూసలను పట్టుటయు కలదు. నడుమునొప్పితోపాటు సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, ఆకలి మందగించుట ఉన్నవానికి, ఆ సంగతి విచారింపకయే స్టిరాయిడు ఎక్కించినచో, అది శరీరపు రక్షణశక్తిని అణచి వ్యాధికి దారి తీయును. గనిలో పనిచేసిన ప్రతివాడును వెన్నుసూదికి పూర్వము ఆ మాటను వైద్యునకు తనంతట తానే చెప్పవలెను. వైద్యుడు అడుగునని చూడరాదు.

రెండవది నీరు. కోలారు జిల్లాలో వందలాది అడుగులు త్రవ్విన బోరుబావులలో పెక్కింట ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించియున్నది. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో మొదట గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల జనులకును, నల్లగొండవారికిని దాని భీకరరూపము తెలియనిది కాదు. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారి వెన్నుస్నాయువులు ఎముకవలె గట్టిపడును. ఇంతకుముందు చెప్పిన పసుపుపచ్చని స్నాయువు కూడ అట్లే మందమెక్కి నరములకు చోటు లేకుండ చేయును. ఆ గట్టిదనమును ఏ స్టిరాయిడును కరగింపజాలదు. అట్టివారికి వెన్నుసూది వేసి ఫలము కానరాలేదని నిరాశపడుటకంటె, ముందే ఒక ఎక్స్‌రే తీసి వ్యాధినెఱుగుట మేలు.

మూడవది మధుమేహము. ఎపిడ్యూరల్ ప్రదేశమున పడిన స్టిరాయిడు అచ్చటనే నిలువదు. రక్తములోనికి చేరి కొన్నిదినములు, ఒక్కొక్కప్పుడు వారము వఱకు, చక్కెరను హెచ్చించును. చక్కెర అదుపులో లేనివారు ముందుగ దానిని అదుపునకు తెచ్చుకొని, సూది పిదప దినదినము పరీక్షించుకొనవలెను. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడుచున్నవారు ఆ సంగతిని దాపరికము లేకుండ చెప్పవలెను, ఏలన వెన్నుకాలువలో రక్తము గడ్డకట్టి నరములను నొక్కుట అరుదైనను ఘోరమైన ఆపద.

ఆపదల మాట వచ్చినది గనుక దాచకుండ చెప్పవలసినవి ఇంకను రెండున్నవి. సామాన్యముగ సూది పిదప ముఖము ఎఱ్ఱబడుట, ఒకటి రెండు రాత్రులు నిద్రపట్టకుండుట, సంచికి చిల్లుపడినచో లేచి కూర్చున్నప్పుడెల్ల తలనొప్పి వచ్చుట కలుగును, ఇవి శమించును. కాని 2012లో అమెరికాయందు మసాచుసెట్స్ రాష్ట్రపు ఔషధశాల యొకటి తయారుచేసిన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ సీసాలలో బూజు ప్రవేశించి, ఆ మందును పొందినవారిలో 753 మంది వ్యాధిగ్రస్తులై, 64 మంది మరణించిరి. తప్పు సూదిది కాదు, సీసాది. అయినను వెన్నులోనికి పోవు మందు ఎచ్చట, ఎంత శుభ్రతతో తయారైనదో విచారించుట వెఱపు గాదు, వివేకము. 2014లో అమెరికా ఔషధనియంత్రణ శాఖ, ఎపిడ్యూరల్ స్టిరాయిడుల వలన అరుదుగనైనను చూపు పోవుట, పక్షవాతము, మరణము సంభవింపగలవని బహిరంగముగ హెచ్చరించినది; ఈ ప్రయోగమునకై ఆ శాఖ యే స్టిరాయిడునకును ఆమోదము నీయలేదు. వైద్యులు తమ విజ్ఞతనుబట్టి వాడుచున్నారు.

కోలారువద్ద తమకలోని శ్రీ దేవరాజ అరసు వైద్యకళాశాల, కుప్పమున పి.ఇ.ఎస్. వైద్యకళాశాల, కొంచెము దూరమున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, బెంగుళూరున నిమ్హాన్స్ వంటి బోధనాలయములు ఈ సీమవారికి అందుబాటులో నున్నవి. ఎముకల వైద్యుడు, మత్తువైద్యుడు, నరముల వైద్యుడు కలిసి యోచింపగల చోటికి పోవుట ఒక్క ప్రయాణపుఖర్చుతో పెక్కు అనవసరపు ఖర్చులను తప్పించును. పోయినచోట, నా నొప్పి ఏ నరమునది, సూది ఎక్స్‌రే చూచుచు వేయుదురా, మందు పేరేమి, వేయకున్న ఏమగును అని అడుగుడు. విసుగుకొనకుండ బదులు చెప్పు వైద్యుని నమ్ముడు. ఒక్క సంగతిలో మాత్రము సూదినిగూర్చియు మాత్రనుగూర్చియు ఆలోచింపవలదు. నడుమునొప్పితోపాటు మూత్రము బిగిసినను, తెలియకయే పడిపోవుచున్నను, మలద్వారముచుట్టును తొడల నడుమను స్పర్శ మొద్దుబాఱినను, పాదము పైకెత్తుట చేతకాకున్నను, అది నరములు తీవ్రముగ నలిగిపోవుచున్న సూచన. తెల్లవాఱువఱకు ఆగక, ఆ పూటనే శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రికి రోగిని చేర్పుడు.